బొంత గడులు – పెద్దవియా, చిన్నవియా?

(మల్కాజ్‌గిరి వార్షిక మహాసభయందు మహిళా విభాగమువారి పక్షమున చదివిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు మాటలాడుటకు ఈ సభయందు పెద్దలు పలువురు గలరు. మాకొసగిన విషయము చిన్నది: బొంత. బొంతను గూర్చి ఉపన్యాసమేమి యని కొందరు నవ్వవచ్చును. కాని కత్తెరయు సూదియు కులధనముగా గల మేరవారి సభలో గాక బొంతమాట మరెచ్చట ఎత్తవలెను? కుట్టుపని కాయకముగా జీవించిన శంకర దాసమయ్యను గురువుగా కొలుచు మనము పేలికను చులకనగా చూడరాదు.

మల్లికార్జునగిరియే మల్కాజ్‌గిరి యయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఇది సికిందరాబాదు నంటియున్న ఊరు. మూడవ నిజామగు సికందర్ జా పేర 1806లో సికిందరాబాదు వెలసినది. దండున్నచోట దర్జీకి పని యుండక తప్పదు గదా. ఆ కాలము వేరు. నేడు కుట్టి సిద్ధపరచిన దుస్తులు అంగడి అంగడిని వ్రేలాడుచుండగా, కొలతలిచ్చి కుట్టించుకొనువారు తగ్గిపోయిరి. పురుషుల చేతిపని సన్నగిల్లినకొలది, యింటి ఆడువారు మిషను క్రింద రాలిన కత్తిరింపులను ప్రోగుచేసి బొంతలు కుట్టి నాలుగు రూపాయలు తెచ్చుచున్నారు. కావున నేడు బొంత మనకు చలికాలమున కప్పుకొను వస్తువు మాత్రమే కాదు, కూటి మాట.

ఇందొక చిక్కు గలదు. బొంతలు కొనువారు బొంతకింత యని ధర కట్టుదురు. మాలో కొందరియొద్ద కొను వర్తకుడొకరు, “చిన్న గడుల బొంతలే పట్టణమువారికి నచ్చును, అవియే కుట్టుడు” అని చెప్పి, పెద్ద గడుల బొంతకిచ్చు ధరయే దానికిని ఇచ్చుచున్నారు. పొడవు వెడల్పులు ఒకటియే గదా యని వారి వాదము. ఈ వాదము నిలుచునో లేదో నోటిమాటతో గాక కొలబద్దతో తేల్చవలెనని మేము పూనుకొంటిమి.

బొంత పొడవు 5 మూరలు, వెడల్పు 3 మూరలు అనుకొందము. అనగా 90 అంగుళములు, 54 అంగుళములు. మూరెడు గడులైన 15 చాలును. జానెడు గడులైన 60 కావలెను. అరజానెడు, అనగా నాలుగున్నర అంగుళముల గడులైన 240 కావలెను. ఇంతవరకు ఎవరైనను చెప్పగలరు. ఇక ఆ గడుల నొకదానితో నొకటి అతుకు కుట్టు పొడవెంత? లెక్కించి చూచితిమి. మూర గడులకు 11 గజములు. జాన గడులకు 26 గజములు. అరజాన గడులకు 56 గజములు! బొంత అంతే, కప్పుకొను మనిషియు అంతే. కుట్టు మాత్రము అయిదు రెట్లు. మరి 240 ముక్కలను కత్తిరించుట, ఇస్త్రీ చేయుట, మూలకు మూల సరిపోవునట్లు పేర్చుట అను పనులు ఈ గజముల లెక్కలోనికి రానే రావు. నాలుగు మూలలు కలియుచోట అతుకులు దొంతరపడి సూది దిగదు. సూది దిగనిచోట వ్రేలు నొచ్చుట కుట్టినవారికే తెలియును.

గుడ్డ సంగతియు చూడుడు. ప్రతి గడికి నాలుగు ప్రక్కల కాలంగుళము కుట్టులోనికి పోవును. పైకి కనబడు గుడ్డ ఏ బొంతకైనను 4,860 చదరపు అంగుళములే. దీనికై మూర గడులకు సుమారు 5,134 చదరపు అంగుళముల గుడ్డ కత్తిరింపవలెను. జాన గడులకు 5,415. అరజాన గడులకు 6,000. అనగా చిన్న గడుల బొంతలో నూటికి 19 వంతుల గుడ్డ కుట్టు చాటున దాగిపోవును.

కత్తిరింపులు ఊరకనే వచ్చినవి గదా, పోయిన నేమి యనవచ్చును. కొంత నిజమే. చిన్న గడికి పుట్టిల్లు దర్జీ మిషను క్రిందనే. రవికె చంకభాగము కోసినపుడు మిగులు వంకర ముక్కలో నాలుగైదు అంగుళముల చదరము దొరకుటయే ఘనము. అట్టి ముక్కలతో చిన్న గడులు కూర్చుట పొదుపు. కాని వర్తకుని మాట విని నిండు గుడ్డను గజముల లెక్కను కొనితెచ్చి, చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కలనే మరల అతుకుట యేమి పొదుపో మాకు బోధపడదు. పాత చీరయైనను అంతే. కొంగు ప్రక్క గట్టిగా నున్న భాగమున మూరెడు గడి చక్కగా దిగును; చెరగులు, కుచ్చిళ్లచోటులు చినిగియున్న యెడల అచ్చట జానకో అరజానకో దిగవలెను. గంతకు తగ్గ బొంత యన్న సామెత ఊరక పుట్టలేదు. గుడ్డకు తగ్గ గడి యనుట కూడ అట్టిదే.

కంటికి ఇంపు మాటయేమి యందురా? అదియు గుడ్డనుబట్టియే. పోచంపల్లి చిటికి నేతలో రంగు రంగులోనికి ఒదిగిపోవు అంచులే దాని సొగసు. దానిని నాలుగున్నర అంగుళములకు తెగగోసిన, ఆ సొగసు పోయి మరక మిగులును. పెద్ద పూలు, నెమళ్లు గల అద్దకపు గుడ్డయు నిట్టిదే. తల యొక గడిలో, తోక యింకొక గడిలో పడిన నెమలి ఎవరికి కావలెను? నారాయణపేట చీర గళ్లు మాత్రము కత్తెరకు తామే దారి చూపును. గళ్ల గీత వెంబడి కోసిన చిన్న గడియు అందముగా నుండును. పూలులేని ఒంటిరంగు ముక్కలు చిన్న గడులకు మిక్కిలి అనుకూలములు. అయితే ముదురు రంగును లేత రంగును ప్రక్కప్రక్కన నిలుపవలెను. అన్నియు నడితరపు రంగులైన, పది అడుగుల దూరమునుండి చూచువారికి అంతయు బూడిద వలె తోచును. కుట్టక మునుపే గడులను చాపపై పరచి, కన్నులు సగము మూసి చూచిన ఈ లోపము పట్టుబడును. ఈ ఉపాయమునకు ఖర్చు లేదు.

అట్లని పెద్ద గడికి దోషములు లేవని మేము చెప్పుట లేదు. పాత గుడ్డ పెద్ద గడిగా నున్న, ఒకచోట చినిగిన చినుగు బారెడు సాగును. చిన్న గడిలో అది అతుకు దగ్గర ఆగును, ఆ గడి నొక్కదానినే మార్చవచ్చును. మరియు లోపల దూది పరచిన బొంతకు పెద్ద గడి వేసి, అతుకులవరకే కుట్టి విడిచిన యెడల, నాలుగు ఉతుకులలో దూది మూలకు చేరి ఉండలు కట్టును. కావున మూర గడిపై పైపొర, దూది, అస్తరు మూడును కలియునట్లు బెత్తెడు బెత్తెడు దూరమున కచ్చా కుట్టు వరుసలు నడుపవలెను. ఆ శ్రమను తప్పించుకొనదలచి పెద్ద గడిని కోరువారికి మేము సాయపడజాలము.

అతుకుల కూర్పునకు మన దేశమున మిక్కిలి పాత కథ యొకటి గలదు. బుద్ధ భగవానుడు రాజగృహమునుండి దక్షిణగిరికి పోవుచు, మగధ దేశపు మళ్లను, వాని గట్లను చూచి, భిక్షువుల చీవరమును ఆ రూపున కూర్పగలవా యని ఆనందు నడిగెననియు, ఆనందుడట్లే కూర్చి చూపెననియు వినయపిటకమున నున్నది. ఆ చీవరమున నిండు మడి వంటి పెద్ద ముక్క, దాని చెంత అరమడి వంటి చిన్న ముక్క, నడుమ గట్ల వంటి సన్నని పట్టీలు. పెద్దదా చిన్నదా యని తగవులాడక రెండింటిని ఒక గుడ్డలో ఇమిడ్చిన ఆనందుని మన వృత్తివానిగా చెప్పుకొన మనసగుచున్నది, బౌద్ధులు క్షమింతురుగాక.

చిన్న గడులే పట్టణమువారికి నచ్చునను మాటకు వత్తము. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతివారగు సిద్దీ స్త్రీలు కవంది యను బొంత కుట్టుదురు. చేతికందిన ముక్కలను పాత చీరపై అంచునుండి మొదలిడి నడిమికి పేర్చుకొనుచు పోవుదురు. గడులకు సమకొలత యుండదు. నాలుగు మూలల పువ్వులు కుట్టనిదే బొంత ముగిసినట్లు తలపరు. అమెరికాలో అలబామా రాష్ట్రమునగల గీస్ బెండ్ అను పల్లెలోనివారును ఆఫ్రికా సంతతివారే. అచటి స్త్రీలు పొలమున తొడిగి అరగదీసిన పనిదుస్తులను పెద్ద పెద్ద ముక్కలుగా కోసి బొంతలు కుట్టిరి. 2002లో వానిని హ్యూస్టన్ నగరపు చిత్రశాలలో గోడలకు వ్రేలాడగట్టి ప్రదర్శించిరి. 2006లో అమెరికా తపాలావారు వాని బొమ్మలతో బిళ్లలు అచ్చొత్తించిరి. పెద్ద గడి పేదతనపు గుర్తనువారు ఈ సంగతి తెలిసికొందురుగాక.

మా సలహా యేమన, నడుమ పెద్ద గడులు, చుట్టు చిన్న గడుల అంచు. ముందు చెప్పిన 5 మూరల బొంతలో నడుమ మూర గడులు 8 ఉంచి, చుట్టు జానెడు వెడల్పున అరజాన గడులతో అంచు కట్టిన, 112 చిన్న గడులు పట్టును. మొత్తము 120 ముక్కలు, 32 గజముల కుట్టు. నిండ చిన్న గడుల బొంతకు పట్టు ముక్కలలో సగము. కుట్టులో 24 గజములు తగ్గుదల. పరచిన మంచముపై మొదట కంటబడునది అంచే. కావున చిన్న గడి వన్నె చెడదు, నడుమ గుడ్డ వన్నెయు చెడదు.

నిండ చిన్న గడులే వేయదలచిన, పసిపిల్లల బొంతకు వేయవచ్చును. 2 మూరల పొడవు, మూరన్నర వెడల్పు గల బొంతకు అరజాన గడులు 48 చాలును. కుట్టు 10 గజములు దాటి కొంచెము. పెద్దల మూర గడుల బొంతకు పట్టు కుట్టు కంటె ఇది హెచ్చు కాదు. బాలింత యింటికి కానుక తీసికొనిపోవువారు ధరకును వెనుదీయరు.

ఇక పోషకులతో ఒక మాట. బొంతకింత యను కూలి పోవలెను. గడుల నతుకు కుట్టునకు గజమునకింత, పైన నడుపు కచ్చా కుట్టునకు వేరుగా ఇంత యని సంఘమే రేటు కట్టి, ఆ పట్టికను అచ్చొత్తించి, బొంతలు కొనువారికందరికి ఇయ్యవలెను. అప్పుడు వర్తకుడు అరజాన గడులే కోరినను మాకు అభ్యంతరము లేదు. 56 గజములకు కూలి ఇచ్చి కోరును. ఒక్కొక్క యిల్లాలు ఒంటరిగా ఈ మాట అడిగిన, ప్రక్కయింటికి పొమ్మందురు. సంఘము అడిగిన పోవుటకు ప్రక్కయిల్లుండదు.

ఈ తీర్మానమును కార్యవర్గమువారి ముందు నేడే ఉంచుచున్నాము. మూర గడులది, జాన గడులది, అరజాన గడులది, చిన్న గడుల అంచు గలది నాలుగు బొంతలు మాదిరికై ద్వారము ప్రక్క బల్లపై పరచియున్నవి. ఒక్కొక్కదానికి పట్టిన కుట్టు పొడవు చీటీపై వ్రాసి గ్రుచ్చితిమి. సభానంతరమున తాకి చూడుడు. తిరుగవేసి వెనుక కుట్టును చూడుడు.