బెట్టుడుతకు లైఫ్ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన సభలో ఉడుత సంగతి ఎత్తినందుకు మన్నించాలి. ముప్పై ఏళ్లు అడవిలో ఉద్యోగం చేసినవాణ్ణి. నాకు తెలిసింది అదే.

నేను చెప్పేది పెరట్లో తిరిగే చారల ఉడుత కాదు, బెట్టుడుత. ముక్కు నుంచి తోక కొస దాకా సుమారు 3 అడుగులుంటుంది. ప్రపంచంలో మన దేశంలోనే ఉంది. పడమటి కనుమలు, సాత్పురా కొండలు, మన నల్లమలతో సహా తూర్పు కనుమలు దీని నివాసాలు. మహారాష్ట్రకు ఇది రాష్ట్ర జంతువు. తిండీ, గూడూ, ప్రయాణం అన్నీ కొమ్మల మీదే. నేలకు దిగడం అరుదు. ఒక్క గెంతులో దాదాపు 20 అడుగులు దాటగలదు. అంతకు మించిన ఖాళీ వస్తే అదే దానికి సరిహద్దు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లమలలో ఒక దారి వెడల్పు చేయడానికి చెట్లకు మార్కింగ్ వేశాను. దారికి అటూ ఇటూ రెండు పెద్ద మద్దిచెట్లు పైన కొమ్మలు కలుపుకొని ఉన్నాయి. వెంట వచ్చిన చెంచు పెద్దాయన, "ఇవి పోతే బెట్టుడుత అవతలికి ఎట్టా పోద్ది సారూ?" అన్నాడు. "నడిచి పోతుందిలే తాతా" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

రిటైరైన తర్వాత మనవడితో ఆ దారిన వెళ్లాను. ఒక బెట్టుడుత కొమ్మ చివరి దాకా వచ్చి, అవతలి వైపు చూసి, వెనక్కి మళ్లింది. మనవడు చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం ఆ చెంచు పెద్దాయన ముఖం గుర్తుకొచ్చింది.

అడవి జంతువు నివాసం చెరువు ఎండినట్లు అంచుల నుంచే తగ్గదు. పాతబట్ట చిరిగినట్లు మధ్యలోనూ చిరుగుతుంది. పటంలో రంగు అలాగే ఉంటుంది. కింద మాత్రం అడవి ముక్కలై, ఒక ముక్కలోని జంతువుకు మరో ముక్కలోని తోడు దొరకదు.

మార్గం లేకపోలేదు. తమిళనాడులోని వాల్పరైలో సింహపు తోక కోతుల కోసం రోడ్డు పైన చెట్ల నడుమ వంతెనలు కట్టారు. అంతకన్నా చవకైన పని, కలిసి ఉన్న కొమ్మలను కొట్టకుండా ఉంచడం.

బతికే ఉన్నామని మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. పటంలో ఉంది కదా అని బెట్టుడుతను ఎవరూ అడగరు. మీ పిల్లల్లో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు. చెట్టుకు మార్కింగ్ వేసే ముందు ఒక్కసారి తలెత్తి పైకి చూడమని వారికి చెప్పండి. నేను చూడలేదు.

సెలవు.