పెరట్లోకి వచ్చిన పెంపుడు పాము



నాగులచవితి వెళ్లిన మర్నాడు చీపురుపల్లిలో మా ఆడపడుచు పెరట్లో, నూతి గట్టు పక్కన నాగుపాము కనిపించింది. పడగమీద పసుపు, కుంకుమ ఎండి అట్టకట్టి ఉన్నాయి. అంటే పుట్టలోది కాదు, పాములవాడి బుట్టలోంచి తప్పించుకున్నదన్నమాట.

పక్కింటి పిన్నిగారు గ్లాసుడు పాలు పట్టుకొచ్చారు. పాము పాలు తాగదా అంటారేమో. రోజుల తరబడి నీళ్లివ్వకుండా మాడ్చితే ఏదైనా తాగుతుంది! కానీ పాలు దానికి అరగవు. దాని తిండి ఎలకలు, కప్పలూను.

"కోరలు పీకేసుంటారు, ఫర్వాలేదు" అన్నారు ఇంకొకరు. ఈ మాట మాత్రం నమ్మకండి. పీకిన చోట కొత్త కోర వస్తుంది. కాటు పడితే మంత్రాలని కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. విరుగుడు ఇంజక్షను ఉండేది అక్కడే.

మరేం చెయ్యాలి? పిల్లల్ని లోపలికి పంపి, అది ఎటు పోతోందో ఒకరు దూరంనుంచి కనిపెట్టి ఉండాలి. ఈలోగా అటవీశాఖ వారికి కబురు చెయ్యాలి. దేవుడు కదా, మనమే సాకుదామంటే కుదరదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

మా ఆడపడుచు అలాగే చేసింది. పాములు పట్టడం నేర్చిన కుర్రాడొకడు కొక్కెం కర్రతో వచ్చి సంచిలోకి ఎక్కించాడు. చూస్తే, పాపం, నోటికి దారంతో కుట్లు! పశువుల డాక్టరుగారు ఆ దారం తీసి ముందు నీళ్లే పెట్టించారట. గాయం మానాకగాని అడవిలో వదలరట.