ఆసుపత్రి వీధిలో మైకు



రక్తపోటు గురించి, చక్కెర వ్యాధి గురించి మేము తరచుగా చెబుతుంటాము. ఈ రోజు చప్పుడు గురించి చెప్పదలిచాను. చప్పుడు కూడా ఒక జబ్బేనా అని నవ్వకండి. మనిషి నిద్రపోయినా చెవి నిద్రపోదు. బయట హారన్ మోగితే, మెలకువ రాకపోయినా గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆపరేషన్ అయినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఇది చిన్న విషయం కాదు. రాత్రివేళ వార్డులో 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. గుసగుసలాడుకుంటే ఇంచుమించు అంత చప్పుడు వస్తుంది. మందు మేము ఇవ్వగలము గాని, రోగి నిద్ర గేటు బయట ఉన్నవారి చేతిలో ఉంది.

దీనికి చట్టం లేక కాదు. 2000లో కేంద్ర ప్రభుత్వం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40. ఇది కిలోల లెక్క వంటిది కాదు సుమా. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు పెట్టరాదు. పండుగలకు మాత్రం ఏడాదిలో 15 రోజులకు మించకుండా 12 గంటల వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2017 ఆగస్టు సవరణ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద మండలం. గోడకు "హారన్ మోగించరాదు" అని బోర్డు కట్టినంత మాత్రాన చాలదు. ఈ సవరణ రోగికి మేలు చేసిందని నేను అనుకోను. కాబట్టి మీ ఊరి ఆసుపత్రి వీధిని ప్రకటించారో లేదో కలెక్టరు కార్యాలయంలో అడగండి. లేకపోతే నలుగురు సంతకాలు చేసి అర్జీ ఇవ్వండి.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. చెన్నైలో ఒక చర్చి మైకులు, డ్రమ్ములపై కాలనీవాసులు కోర్టుకెక్కారు. ఇతరుల శాంతికి భంగం కలిగిస్తూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇతరుల మైకు గురించి మాట్లాడేముందు మన కూటాల మైకు ఏ గంటకు ఆగుతుందో చూసుకుందాము.

రాత్రి మైకు ఆగకపోతే 112కు ఫోను చేయవచ్చు. ముందుగా వెళ్లి, "లోపల పసిబిడ్డ ఉందన్నా, కాస్త తగ్గించండి" అని అడిగి చూడండి. చాలామంది తగ్గిస్తారు. పెళ్లి ఊరేగింపువారికైతే ముందురోజే చెప్పండి. బ్యాండు మొదలయ్యాక మీ మాట ఎవరికీ వినబడదు.