ఎండ ఉన్న ఊళ్లో ఎముకల నొప్పులు



మీ ఇంటివారిని వార్డులో ఉంచి ఇక్కడ కూర్చున్న మీతో ఈ రోజు విటమిన్ డి గురించి మాట్లాడదలచాను. రక్తపరీక్ష కాగితం చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "డాక్టరుగారూ, బెల్లంపల్లిలో ఎండకేం కరువు? ఎండ వల్ల వచ్చే విటమిన్ మాకెందుకు తక్కువైంది?"

న్యాయమైన ప్రశ్నే. వేసవిలో మనకు 45 డిగ్రీల ఎండ కాస్తుంది. కానీ ఎండ ఊళ్లో ఉంటే చాలదు, ఒంటి మీద పడాలి. మొదటి షిఫ్టుకు బాయిలో దిగిన మనిషికి మధ్యాహ్నం ఎండ కనబడదు. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడు పగలంతా నిద్రపోతాడు. బాలింత తలుపు దాటదు, ముసలమ్మ మంచం దిగదు. పొలంలో పనిచేసేవారికి కూడా ఈ లోపం ఉంటుంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో పట్నంవారితోపాటు పల్లెవారిలోనూ ఇది కనబడింది. అన్నం ఎక్కువ, పాలు తక్కువగా ఉన్న మన తిండికి కూడా ఇందులో పాత్ర ఉంది.

విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. నడుము, తొడలు, పక్కటెముకలు నొప్పి పెడతాయి. నేల మీద కూర్చున్నవారు మోకాళ్ల మీద చేతులు ఆనించి గానీ లేవలేరు. పసిపిల్లలకు నడక ఆలస్యమవుతుంది, కాళ్లు వంకర తిరుగుతాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. తల్లిపాలలో ఈ విటమిన్ చాలా తక్కువ. అందుకే పాలు తాగే బిడ్డకు రోజుకు 400 యూనిట్ల చుక్కలు రాస్తాము. ఫిట్స్ మందులు, టి.బి. మందులు వాడేవారికి ఈ లోపం ఇంకా సులువుగా వస్తుంది.

పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే చాలని మనవాళ్లు అనుకుంటారు. అది హాయిగానే ఉంటుంది గానీ విటమిన్ అంతగా తయారు కాదు. గాజు కిటికీ వెనుక కూర్చుంటే అసలే కాదు. ఒక తేలిక గుర్తు చెబుతాను. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్న వేళ ఎండ పనిచేస్తుంది. డిసెంబరులో అది మిట్టమధ్యాహ్నమే. మే నెలలో అయితే తొమ్మిది దాటగానే వస్తుంది, కనుక వడగాలి మొదలుకాకముందే చేతులు, ముఖం, కాళ్లకు కాసేపు ఎండ తగలనిచ్చి లోపలికి రండి. పెద్దవారిని మే నెల మధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టకండి. విటమిన్ సంగతి దేవుడెరుగు, వడదెబ్బ తగులుతుంది.

ఇక మందు. రక్తంలో 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపమే. పెద్దవారికి సాధారణంగా 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ గానీ మాత్ర గానీ వారానికి ఒకటి చొప్పున 8 వారాలు ఇస్తాము. దయచేసి గమనించండి, వారానికి ఒకటి, రోజుకు ఒకటి కాదు. నా దగ్గరికి ఒక పెద్దమ్మ వాంతులు, విపరీతమైన దాహం, మతిమరుపుతో వచ్చింది. మనవడు ప్రేమగా రోజూ ఒక ప్యాకెట్ పాలలో కలిపి తాగించాడు. నొప్పి తొందరగా పోవాలని అతని ఆశ. బి-కాంప్లెక్స్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇది అలా పోదు, కొవ్వులో నిలువ ఉంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందుల షాపులో అడిగి మళ్లీ మళ్లీ వేయించుకునే 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్‌తోనూ ఇదే ప్రమాదం. మూత్రపిండాల జబ్బు, రాళ్లు ఉన్నవారు మందు మొదలుపెట్టకముందే మాకు చెప్పాలి.

నొప్పి మొదటి వారంలోనే పోదు. కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ లోగా రాగి జావ, పాలు, పెరుగు, నువ్వులు, తోటకూర పెట్టండి. ప్యాకెట్ ఇచ్చిన రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఆదివారం ప్రార్థన నుండి వచ్చాక ఇస్తే ఎవరూ మరచిపోరు.

మళ్లీ వచ్చేటప్పుడు పాత చీటీలు, ఖాళీ ప్యాకెట్లు అన్నీ సంచిలో వేసుకురండి. ఎన్ని వాడారో గుర్తులేకపోయినా ఫరవాలేదు, మేమే లెక్కపెడతాము.