ట్రామ్‌కు దారి ఎవరివ్వాలి?

2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ రవాణా మంత్రి స్నేహాశీష్ చక్రవర్తి కలకత్తా ట్రామ్‌ల మీద ఒక ప్రకటన చేశారు. మైదాన్ నుంచి ఎస్‌ప్లనేడ్ దాకా ఉన్న చిన్న ముక్కను వారసత్వ గుర్తుగా నడుపుతామనీ, మిగతా మార్గాలను ఆపేస్తామనీ దాని సారాంశం. కారణంగా చెప్పింది రద్దీని. నగర విస్తీర్ణంలో రోడ్ల వాటా 6 శాతమే, అంత ఇరుకులో నెమ్మదిగా కదిలే ట్రామ్‌కు చోటు లేదన్నారు. వ్యవహారం అప్పటికే హైకోర్టులో ఉంది. వార్త వినగానే చాలామంది పాత ఫొటోలు తీసి బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది కానీ, దానితో వాదన నిలవదు. పాతదైనంత మాత్రాన ఏ వాహనానికీ రోడ్డు మీద హక్కు రాదు. అసలు అడగాల్సింది, ట్రామ్ వల్ల రద్దీ వచ్చిందా, రద్దీ వల్ల ట్రామ్ నెమ్మదించిందా అని. నా ఉద్దేశంలో రెండోదే నిజం. అందుకని ట్రామ్‌ను బాగుచేయడమంటే ముందుగా కొత్త పెట్టెలు కొనడం కాదు, దాని దారిని దానికి తిరిగి ఇవ్వడం.

కలకత్తాలో మొదటి ట్రామ్ 1873 ఫిబ్రవరిలో సియాల్దా నుంచి అర్మీనియన్ ఘాట్ దాకా గుర్రాలతో నడిచి, ప్రయాణికులు చాలక ఆ ఏడాదే ఆగిపోయింది. 1880లో కంపెనీ ఏర్పడ్డాక నిలదొక్కుకుంది, 1902లో విద్యుత్తు వచ్చింది. 1953లో రెండో తరగతి టికెట్టు మీద ఒక్క పైసా పెంచితే ఊరు ఊరంతా వీధికెక్కింది. జనం బతుకులో ట్రామ్ ఎంత భాగమో దాన్ని బట్టే తెలుస్తుంది. అదే 1953లో మన మద్రాసులో ట్రామ్ శాశ్వతంగా ఆగిపోయింది. దేశంలో కరెంటుతో నడిచిన తొలి ట్రామ్ అదే, 1895 నాటిది. కంపెనీ దివాలా తీస్తే ఆదుకున్నవాళ్లు లేరు. కలకత్తాలో మాత్రం 1967లో నిర్వహణను, తరవాత యాజమాన్యాన్నే ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుని దాన్ని నిలబెట్టుకుంది. నిలబెట్టుకున్న చేతులే తరవాత ఒక పని చేశాయి. రాస్‌బిహారీ ఎవెన్యూ లాంటి వెడల్పైన రోడ్ల మధ్యలో ట్రామ్ పట్టాలకు విడిగా, గడ్డి పరిచిన జాగా ఉండేది. మోటారు వాహనాలు అందులోకి వచ్చేవి కావు. ఈ శతాబ్దం తొలి దశకంలో పట్టాలను కాంక్రీటులో పరిచి, ఆ జాగాను రోడ్డులో కలిపేశారు. కార్లకు నాలుగడుగులు కలిసొస్తుందనుకున్నారు. జరిగిందేమిటి? టాక్సీ, ఆటో, బస్సు, సరుకుల వ్యాను అన్నీ పట్టాల మీదికి వచ్చాయి. పట్టాలు వదిలి పక్కకు తప్పుకోలేని బండి వాటి వెనక నిలబడిపోయింది. ట్రామ్ ఆలస్యమైంది, ఎక్కేవాళ్లు తగ్గారు, తగ్గారు కాబట్టి బళ్లు తగ్గించారు, బళ్లు తగ్గాయి కాబట్టి ఎక్కేవాళ్లు ఇంకా తగ్గారు. చివరికి రద్దీకి కారణం ట్రామే అన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే.

ఇది నా ఊహ అనుకునేవాళ్లకు టొరంటోలో దొరికిన సాక్ష్యం చూపిస్తాను. ఇదే నాకు బాగా నచ్చిన ఉదాహరణ కూడా, ఎందుకంటే అక్కడ కొత్త పట్టా వేయలేదు, రోడ్డు వెడల్పు చేయలేదు. కింగ్ వీధిలో రోజుకు సుమారు 20,000 మోటారు వాహనాలు తిరిగేవి. అదే వీధిలో ట్రామ్ ఎక్కేవాళ్లు పనిదినాల్లో 72,000 మంది. అయినా వీధి మాత్రం కార్లదే అన్నట్టుండేది. 2017 నవంబరులో 2.6 కిలోమీటర్ల మేర నిబంధన మార్చారు. కార్లు ఆ వీధిలోకి రావచ్చు గానీ నేరుగా సాగిపోకూడదు, ముఖ్యమైన కూడలి వచ్చేసరికి పక్క వీధిలోకి తిరిగిపోవాలి. పెద్ద కట్టడాలేవీ లేవు, బోర్డులూ రంగు గీతలూ కాంక్రీటు దిమ్మెలే. ప్రయాణికుల సంఖ్య 84,000కు చేరింది. సాయంత్రం రద్దీలో బాగా ఆలస్యమయ్యే ప్రయాణాల్లో నాలుగైదు నిమిషాలు కలిసొచ్చాయి. పక్క వీధులు కార్లతో స్తంభించిపోతాయని భయపడ్డారు, అక్కడి ప్రయాణ సమయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వ్యాపారాలు పోతున్నాయని కొందరు గోల చేశారు. ఒక రెస్టారెంటు యజమాని చలికాలంలో మంచుగడ్డతో మర్యాద లేని వేలి సంజ్ఞ చెక్కించి దుకాణం ముందు పెట్టాడు కూడా. నగరపాలక మండలి మాత్రం లెక్కలు చూసుకుని 2019లో ఆ ఏర్పాటును శాశ్వతం చేసింది. కథలో రెండో భాగమూ చెప్పకపోతే తప్పవుతుంది. తరవాతి సంవత్సరాల్లో నిఘా సడలింది. కార్లు మళ్లీ నేరుగా పోవడం మొదలుపెట్టాయి, ట్రామ్ మళ్లీ నత్తనడక పట్టింది. కూడళ్లలో మనుషుల్ని నిలబెట్టాక తేరుకుంది. ట్రామ్ వేగం తేలేది దాని మోటారులో కాదు, కూడలిలో అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

జూరిక్ ఇదే సంగతిని ఓట్లు వేసి తేల్చుకుంది. ట్రామ్‌లను నేల కిందికి దించి పైన కార్లకు దారి వదులుదామన్న ప్రతిపాదనను 1962లో ప్రజలు తిరస్కరించారు. భూగర్భ రైలు ప్రతిపాదనను 1973లో తిరస్కరించారు. 1977లో మాత్రం పదేళ్లలో 20 కోట్ల ఫ్రాంకులు ట్రామ్‌కూ బస్సుకూ దారి ప్రాధాన్యం కల్పించడానికి ఖర్చు పెట్టమని ఆమోదించారు. ఆ సొమ్ము ట్రామ్ వస్తోందని ముందే పసిగట్టి పచ్చదీపం వెలిగించే సిగ్నళ్లకు, విడి దారులకు పోయింది. ఊరి నడిబొడ్డులోకి ఒకేసారి ఎన్ని కార్లు రావాలో సిగ్నళ్లతోనే అదుపు చేస్తారు. బాగా డబ్బున్న ఊరు కదా, అక్కడ సాగుతుంది అనవచ్చు. కానీ సొరంగం తవ్వడానికే ఎక్కువ డబ్బు కావాలి. వాళ్లు ఓటేసింది చవకైన దారికి.

ఇప్పుడు 6 శాతం మాటకొద్దాం. అది నిజమే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అయితే ఆ అంకె ఎటువైపు మొగ్గుతుందో చూడండి. అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం లెక్క ప్రకారం కార్లు తిరిగే ఒక వరుస గంటకు 600 నుంచి 1,600 మందిని దాటిస్తుంది. బస్సులకో ట్రామ్‌లకో విడిగా ఇచ్చిన వరుస 4,000 నుంచి 8,000 మందిని దాటిస్తుంది. రోడ్డు తక్కువ ఉన్న ఊరే ప్రతి అడుగునూ ఎక్కువ మందిని మోసేదానికి ఇవ్వాలి. ఇరుకు అనేది ట్రామ్‌కు వ్యతిరేకంగా చెప్పే వాదన కాదు, ఒక్కొక్కరు ఒక్కో కారులో రావడానికి వ్యతిరేకంగా చెప్పేది. వానలో పట్టాల మీద స్కూటరు జారుతుందన్న ఫిర్యాదు మాత్రం గట్టిది. అంచు కట్టిన విడి దారి ఉంటే స్కూటరుకు పట్టాల మీదికి వచ్చే పనే ఉండదు, కూడళ్లలో మటుకు ప్రమాదం మిగులుతుంది, అక్కడ జాగ్రత్త తప్పదు. మెట్రో ఉంది కదా అనేవాళ్లకు ఒక్క మాటే. 1984 నుంచి కలకత్తాలో మెట్రో నడుస్తోంది, పైన రద్దీ పోలేదు. రెండు వీధుల అవతలికి వెళ్లేవాడు అన్ని మెట్లు దిగడు.

ఎలక్ట్రిక్ బస్సులు చాలవా అన్న ప్రశ్నకు నా జవాబు కొందరు ట్రామ్ అభిమానులకు నచ్చకపోవచ్చు. కొత్తగా మొదలుపెట్టే ఊరైతే, ఉదాహరణకు మన విజయవాడ, నేను పట్టాలు వేయమనను, ముందు బస్సులకు వరుస ఇవ్వమంటాను. కలకత్తా సంగతి వేరు. అక్కడ పట్టా ఉంది, పైన తీగ ఉంది, డిపోలు ఉన్నాయి. బ్యాటరీ అక్కర్లేకుండా తీగ నుంచే కరెంటు తీసుకుని, ఇనుము మీద ఇనుము దొర్లి, తక్కువ శక్తితో నడిచే బండి అది. ఉన్నదాన్ని పెరికి పారేసి దానికి బదులు బ్యాటరీ బండి కొనడం పర్యావరణం పేరు చెప్పి చేసే దుబారా.

ఇక మిగిలింది అందరూ చివర్లో విసిరే మాట, మనవాళ్లు వరుసలు పాటించరండీ అని. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సుల దారి 2008లో మొదలై, కార్లవాళ్ల ఆగ్రహం తట్టుకోలేక 2016లో నేలమట్టమైంది. మన విజయవాడలోనే బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. బస్సుల కోసం ఉద్దేశించిన మార్గం, ఇవాళ అందరూ తిరిగే మామూలు రోడ్డు. అయినా ఈ ఉదాహరణలు జనం క్రమశిక్షణ గురించి చెప్పేది తక్కువే. అహ్మదాబాదులో జనమార్గ్ అనే బస్సుల దారి 2009 నుంచి నడుస్తూనే ఉంది, అక్కడి డ్రైవర్లు మనకంటే సాధువులేమీ కారు. అడ్డుకట్ట దాటి వచ్చినవాడికి జరిమానా పడుతుందా లేదా, కారులో పోయేవాళ్ల గోలకు పాలకులు నిలబడతారా లేదా అన్నదే తేడా. నిజానికి ఢిల్లీలో బస్సుల్లో వెళ్లేవాళ్లే ఎక్కువమంది, కానీ వాళ్లు టీవీ చర్చల్లో కూర్చోలేదు.

కాబట్టి కలకత్తా కార్పొరేషనుకూ పోలీసులకూ రవాణా శాఖకూ నేను అడిగేది చిన్న పని. మిగిలిన మార్గాల్లో వెడల్పైన ఒక్కదాన్ని ఎంచుకోండి. పట్టాల మీద పార్కింగు తీసేయండి, మధ్యలో అంచు కట్టండి, కూడళ్లలో ట్రామ్‌కు ముందు పచ్చదీపం ఇవ్వండి, పది నిమిషాలకో బండి నడపండి. ఈ ఏర్పాటు పెట్టడానికి ముందూ, పెట్టిన ఏడాది తరవాతా ఆ రోడ్డు మీద గంటకు ఎన్ని బళ్లు పోతున్నాయో కాదు, ఎంతమంది మనుషులు పోతున్నారో లెక్కపెట్టండి. మనుషులు తగ్గారని తేలితే, పట్టాలు పెరికేయండి, నేను నోరెత్తను. ఇంతవరకూ ఆ లెక్క తీయకుండానే తీర్పు చెప్పారన్నదే నా అభ్యంతరం.