వేసవి పగటికి తగిన పరిమళం

ఈ మధ్య మా చేతికి ఒక చిన్న పరిమళపు సీసా వచ్చినది. పెద్ద కంపెనీలవలె లక్షల సీసాలు నింపక, అభిరుచి గలవారి కొరకని కొద్ది మోతాదులో తయారుచేసే చిన్న పరిమళశాలలు యూరపులో కొన్ని ఉన్నవి. వానిలో ఒకదాని సరుకు ఇది. పేరు చెప్పము. చెప్పినచో ఇది ప్రసంగం గాక ప్రకటన అగును. తాజాదనమూ కస్తూరీ కలిసినది, వేసవి పగటివేళకు తగినది అని దానివెంట వచ్చిన కాగితం చెప్పుచున్నది. అయితే వారి వేసవి వేరు, మన వేసవి వేరు. అక్కడ 25 డిగ్రీలు వచ్చినచో ఎండకాలమని సంబరపడుదురు. విజయవాడలో మే నెలలో 40 దాటినా మనం గొడుగు వేసుకొని బజారు పని చక్కబెట్టుకొని వత్తుము. కాగితంలోని మాట మన ఎండకు ఎంతవరకు నిలుచునో చూడవలెనని మాకు కుతూహలం కలిగినది. మరి ఇద్దరు మిత్రులను కలుపుకొని మూడు దినాలు పరీక్షించినాము.

మూత తీయగానే వచ్చిన వాసన ఎంతో హాయిగా ఉన్నది. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క వాసన, నారింజపూల వాసన, వాని వెనుక ఎక్కడో చాకలి అప్పుడే తెచ్చి ఇచ్చిన మల్లుపంచె వాసన. అంగడిలో నిలబడి కొనేవారు ఈ మొదటి వాసనకే డబ్బు చెల్లింతురు. కాని నిమ్మతొక్కలలో ఉండే లిమొనీన్ అనే పదార్థపు అణుభారం సుమారు 136. కస్తూరికి వాసన నిచ్చే మస్కోన్ అణుభారం సుమారు 238. తేలికది ముందు ఎగిరిపోవును, బరువైనది వెనుక నిలిచి ఉండును. వేడి పెరిగినకొద్దీ ఆ ఎగిరిపోవుట మరింత వేగమగును. చలువగదిలో గంటకు పైగా తెలిసిన నిమ్మవాసన, ఎండలో మా మణికట్టుమీద పదిహేను నిమిషాలైనా నిలువలేదు. అటుపిమ్మట సాయంకాలందాకా మనతో తిరుగునది కస్తూరి. కావున ఇటువంటి పరిమళాన్ని మిట్టమధ్యాహ్నం, చెమట పట్టిన చర్మంమీద తూచిచూడవలెను.

కస్తూరికి ఒక గుణం ఉన్నది. తన వాసన చాటుకొనుటకంటె పొరుగు వాసనను నిలబెట్టి పెంచుట దానికి అలవాటు. మనుచరిత్రలో హిమాలయంమీద దారితప్పిన ప్రవరుడు, ఆ చోట మనుష్యులున్నారని గ్రహించినది గాలిలో తేలివచ్చిన తాంబూలపు పరిమళం వలన. ఆ తాంబూలంలోని కర్పూరానికి కస్తూరి తోడై వాసన ఇనుమడించినదని పెద్దన కవి గుర్తించి చెప్పినాడు. నేటి పరిమళకారులు కస్తూరిని వాడుచున్నదీ ఈ గుణం కొరకే.

అయితే ప్రవరుని కాలపు కస్తూరి హిమాలయాలలో తిరిగే మగ కస్తూరిమృగం బొడ్డు వద్ద తిత్తిలో పుట్టినది. ఒక తిత్తిలో లభించునది సుమారు 25 గ్రాములు. కిలో కస్తూరి కావలెనన్న నలుబది మృగాల ప్రాణం తీయవలెను. ఉచ్చు పన్నినవాడు ఆడదానిని, పిల్లను ఎంచి విడిచిపెట్టడు గనుక లెక్క అంతటితో ఆగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వేటను నిషేధించినది. నేడు మన అంగళ్లలో ఎవరైన అసలైన మృగపు కస్తూరి అని గుసగుసగా చెప్పి అమ్మజూపినచో, అది అబద్ధమైనా కావలెను, నేరమైనా కావలెను.

మా సీసాలోని కస్తూరి ప్రయోగశాల బిడ్డ. ఆ వంశం పుట్టుక వింతగా ఉండును. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయనవేత్త పేలుడు మందును మెరుగుపరచబోయి, కస్తూరి వాసన గల పదార్థాన్ని సాధించినాడు. నిజమైన కస్తూరినుండి మస్కోన్‌ను 1906లో వాల్బామ్ వేరుచేసినాడు. దానిలో 15 కర్బన పరమాణువుల పెద్ద వలయం ఉన్నదని 1926లో రుజిచ్కా తేల్చినాడు. ఆయనకు తరువాత 1939లో నోబెల్ బహుమానం లభించినది. క్రమంగా రకరకాల కృత్రిమ కస్తూరులు వచ్చి, ఉతికినా బట్టను పట్టుకొని ఉండునని, సబ్బులలోనూ బట్టల పొడులలోనూ చేరినవి. మూత తీసినప్పుడు మాకు మల్లుపంచె తోచుటకు కారణం ఇదే. ఒకనాడు అంతఃపురాల శృంగారానికి గుర్తైన వాసన నేడు ఉతికిన చొక్కాకు గుర్తైనది!

ఇక పరీక్ష. మొదటి దినం ఉదయం తొమ్మిదింటికి తలకు మూడు చిమ్ములు చిమ్ముకొన్నాము. ఒంటిగంటకు బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినప్పుడు, చెమటలో కలిసి వాసన చెడునేమోనని భయపడినాము. చెడలేదు. మల్లె, వనిల్లా దట్టించిన పరిమళాలు ఆ వేళకు ముగ్గిన పండువలె బరువెక్కి, పూసుకొన్నవానికే వెగటు పుట్టించును. ఇది మాత్రం పలుచగా, చర్మానికి దగ్గరగా ఉన్నది. దీనిలో కస్తూరి బెండ గింజల తైలం కలిపినట్లు కాగితంలో ఉన్నది. మన కూరబెండకు దాయాది అయిన ఈ మొక్కను వైద్యులు లతాకస్తూరి అందురు. ఏ మృగమూ చావకుండ గింజలోనే కస్తూరివంటి వాసన దానికి అమరినది. ఆ మెత్తదనం వలననే మధ్యాహ్నపు వాసనకు ప్రయోగశాల పెళుసుదనం తగ్గినదని మాకు తోచినది.

రెండవ దినం చిక్కు వచ్చినది. మాలో ఒకరు పదిగంటలకే, నిమ్మ పోయినది, ఇక ఇందులో ఏమీ లేదు, సరుకు నాసి అని మరల చిమ్ముకొన్నారు. పన్నెండింటికి మరొకమారు. కొంతసేపటికి పక్కగదిలో పనిచేసేవారు తలనొప్పి అని కిటికీలు తెరిచినారు. మేము మొదట మిత్రుని పరిహసించినాము. పిదప ఆలోచింపగా ఆయన దోషం కాదని తెలిసినది. ఇతర వాసనలన్నీ చక్కగా తెలిసినవారిలోనే కొందరికి కొన్ని కస్తూరులు బొత్తిగా తెలియవు. ఒక కస్తూరి తెలియని ముక్కుకు ఇంకొకటి తెలియవచ్చును. అందువలననే తయారుచేసేవారు రెండు మూడు రకాలు కలుపుదురు. దీనికి తోడు, ఎవరి ముక్కైనను ఎడతెగని వాసనకు అలవాటుపడి ఊరకుండును. పూసుకొన్నవానికి లేని వాసన బస్సులో ఆనుకొని నిలబడినవానికి ఊపిరాడనీయదు. మన బస్సులలో తొలగి నిలబడుటకు చోటేదీ? కస్తూరి కలిసిన పరిమళం కొనేముందు ఇంటిలో మరొకరిచేత ఒకమారు వాసన చూపించుకొనవలెను. తనకు వాసన పోయినదని మరల చిమ్ముకొనుట మాత్రం పనికిరాదు.

ఎండను గురించి ఇంకొక మాట. బెర్గమాట్ తైలంలో సహజంగా బెర్గాప్టెన్ అనే పదార్థం ఉన్నది. అది పూసిన చోట ఎండ తగిలినచో చర్మం కమిలి నల్లని మచ్చలు పడవచ్చును. దానిని తొలగించిన తైలమూ దొరకును గాని, వాడినది ఏదో ప్రతి సీసామీదా ఉండదు. పగటి ఎండలో తిరుగువారు మెడకు చిమ్ముకొనక, చొక్కా లోపలివైపునో చేతిరుమాలుకో చిమ్ముకొనుట మేలు. పట్టుబట్టకు మాత్రం వలదు, మరక పడును.

మూడవ దినం ఒక చేతికి ఈ పరిమళం, రెండవ చేతికి వట్టివేళ్ల అత్తరు. కనౌజులో రాగి పాత్రలో నీటితోపాటు వేళ్లను కాచి, ఆవిరిని చల్లార్చి తీసే తైలం అది. వట్టివేళ్లలో ముందుగా పలుకరించే నిమ్మ లేదు. మొదట మట్టివాసన, తడిసిన తడిక వాసన, కొంత మొరటుగా కూడా ఉన్నది. పదిగంటలకు సీసా పరిమళమే గెలిచినదని ముగ్గురమూ ఒప్పుకొన్నాము. మధ్యాహ్నం రెండింటికి ఆ చేతిమీద శుభ్రమైన చొక్కా వాసన ఒక్కటి మిగిలినది. ఈ చేతిమీద కుండనీటి చలువ ఇంకా ఉన్నది.

మా తీర్పు అడిగినచో, నీడపట్టున పంఖా క్రింద పనిచేసేవారికి ఈ సీసా తగును. రెండు చిమ్ములు చాలును. ఎండనపడి తిరిగేవారు పదిహేను నిమిషాల నిమ్మవాసనకు అంత వెల పెట్టనక్కరలేదు, వట్టివేళ్లు చాలును. సీసాలో సగం ఇంకా మిగిలి ఉన్నది. రెండవ దినపు మిత్రుడు దానిని తనకు ఇమ్మని అడిగినారు. ఆయనకు అత్తరు బుడ్డి ఇచ్చి పంపినాము.