ఇంటి లెక్కలు – అర్థశాస్త్రం

(డిసెంబరు 17 పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మైదుకూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రాముఖ్యం మీకు తెలియనిది కాదు. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ విషయం కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం అర్థశాస్త్రం మన ఇళ్లలో ఎంతవరకు పనికొస్తుందో పది నిమిషాలు చెప్పమన్నారు. జూనియర్ కాలేజీలో ముప్పయ్యేళ్లు ఆ పాఠమే చెప్పినవాణ్ణి గనుక సులభమే అనుకున్నాను. తీరా రాసుకోవడానికి కూర్చుంటే, అది పనికొచ్చిన సందర్భం కన్నా నేను తప్పుగా వాడిన సందర్భమే ముందు గుర్తొచ్చింది.

పెళ్లిని, పిల్లల్ని, కాపురాన్ని కూడా లాభనష్టాల లెక్కలోకి తెచ్చిన గ్యారీ బెకర్‌కు 1992లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన పక్క పెళ్లి మాటలకు కూర్చున్నవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. ఆయన కన్నా మనకు దగ్గరివాళ్లు కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కన్నా వంద పోతే కలిగే బాధ చాలా ఎక్కువని, ఇంచుమించు రెండింతలని వాళ్లు లెక్కగట్టారు. నష్టంలో ఉన్న మనిషి ఇంకా పెద్ద జూదానికి తెగిస్తాడని కూడా 1979లోనే రాశారు.

తరువాత వచ్చిన రిచర్డ్ థేలర్ (2017లో నోబెల్) చెప్పింది మన పింఛనుదార్ల కథే. మనిషి తన డబ్బునంతా ఒక్కటిగా చూడడట, మనసులో వేరు వేరు డబ్బాల్లో దాచుకుంటాడట. మనలోనే ఒక మిత్రుడు గ్రాట్యుటీ డబ్బు ఏడు శాతానికి బ్యాంకులో వేసి, ఇంటి మరమ్మతుకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఇదేం లెక్కయ్యా అని నవ్వాను. ‘‘అప్పయితే అప్పులోడు ఇంటికొచ్చి అడిగి కట్టించుకుంటాడు. డిపాజిట్టు కదిలిస్తే మళ్లీ నిండా పెట్టమని నన్ను అడిగేదెవరు?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇక అసలు సంగతి. అర్థశాస్త్రంలో ‘మునిగిన ఖర్చు’ అని ఒక మాట ఉంది. ఇంగ్లీషులో సంక్ కాస్ట్ అంటారు. పెట్టేసి తిరిగిరాని డబ్బును తలచుకుని ఇప్పటి నిర్ణయం చేయకూడదు. మన పెద్దలు గతజల సేతుబంధనం అన్నది ఇలాంటి పనినే. దీనికి ఉదాహరణ మన పక్కనే పారుతోంది. కె.సి. కెనాల్‌ను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రయివేటు కంపెనీ తవ్వించింది. పడవలు నడుస్తాయి, నీటి పన్ను వస్తుంది అని ఆశపడ్డారు. వాటాదార్లకు అయిదు శాతం రాబడికి ప్రభుత్వం పూచీ పడింది. ఆశించిన రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. అంత డబ్బు పోయిందని కాలువను పూడ్చలేదు చూశారా! పోయింది పోగా ఇకమీదట ఏం పారుతుందనేదే లెక్క. ఈ రెండో సగం నేను పిల్లలకు సరిగా చెప్పలేదేమో అనిపిస్తుంది. నాకే అప్పట్లో ఒంటబట్టలేదు.

మాది పులివెందుల పక్క పల్లె. తమ్ముడు సేద్యం మీదనే ఉన్నాడు. 2013 ఎండాకాలంలో నా దగ్గరికి వచ్చి లక్ష రూపాయలు అడిగాడు. అప్పటికే వేసిన మూడు బోర్లూ ఎండిపోయాయి, నాలుగోది వేయాలన్నాడు. ఇంటినిండా చుట్టాలున్నారు. నేను వాళ్లందరి ముందు పాఠం మొదలుపెట్టాను. పోయిన మూడు బోర్ల డబ్బు రాబట్టుకోవాలని నాలుగోది వేయడం జూదగాడి పని అన్నాను. వాడు చివరిదాకా విని, ‘‘అన్నా, పోయిన బోర్ల సంగతి నేనడగల్యా. ఉన్న చెట్ల సంగతి అడుగుతాండా’’ అని లేచి వెళ్లిపోయాడు.

నాలుగెకరాల్లో నాలుగు వందల చీనీ చెట్లు. ఎనిమిదేళ్లవి, మంచి కాపు మీదున్నవి. అవి పోతే మళ్లీ నాటి కాయ కళ్లచూడ్డానికి అయిదేళ్లు. వాడు ముందు చూసి లెక్క వేశాడు, పాఠం చెప్పే నేను వెనక బోర్లు లెక్కపెట్టాను. డబ్బు ఇవ్వకపోవడం తప్పని ఇప్పటికీ అనను. ఆ బోరు నిజంగానే జూదం. కానీ చెట్ల మాట ఒక్కసారైనా అడగలేదు.

తరువాత ఎనిమిదేళ్లు మాటల్లేవు. మొదటి ఏడాది సంక్రాంతికి పోయుంటే సరిపోయేది. రెండో ఏడాదికి కష్టమైంది. ‘ఇన్నాళ్లు పోకుండా ఉండి ఇప్పుడు పోతే తక్కువైపోతాం’ అనుకుంటూ అయిదారేళ్లు గడిచాయి. గడిచిన ప్రతి ఏడాదీ ఆ పంతం మీద పెట్టిన పెట్టుబడిలా తయారైంది. 2021లో ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఇంటావిడ, ‘‘బోర్ల గురించి ఊరందరికీ చెప్పినారు గదా, మీరు వేస్తాండేది ఎన్నో బోరు?’’ అని అడిగింది.

మరుసటి రోజు ప్రొద్దుటూరులో బస్సు మారి వెళ్లాను. తమ్ముడు తోటలోనే ఉన్నాడు. ‘‘ఎన్ని చెట్లు నిలిచినాయి?’’ అని అడిగాను. ఎనిమిదేళ్ల కిందట అడగాల్సిన ప్రశ్న అది. నాలుగో బోరులో సన్నధార పడిందట. మిగతాది ట్యాంకర్లతో తోలి సగం చెట్లు కాపాడుకున్నాడు, సగం కొట్టేసి కట్టెలకు అమ్మాడు. ట్యాంకర్ల అప్పు తీర్చడానికి మా మరదలి గాజులు పోయాయి. అది వాడు చెప్పలేదు, ఆమె చేతులు చూసి నేను అడిగితే తెలిసింది.

ఎవరూ పాత మాట ఎత్తలేదు. సాయంత్రం బస్సుకు ఒక మూట కాయలు ఎక్కించాడు. లగేజీ డబ్బులు నేనిస్తానంటే కండక్టరు చేతిలో తనే పెట్టేశాడు. ఆ కాయలు ఈ వీధిలో మీరూ కొందరు తిన్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. నాకిచ్చిన పది నిమిషాలు దాటినట్టున్నాయి. సెలవు.